కంచంలో పెద్ద వాటా

తిండి విషయంలో పర్యావరణం గురించి ఆలోచించడం మొదలుపెట్టినవాళ్లు చాలావరకు అంచుల నుంచి నరుక్కొస్తారు. కొబ్బరిబోండాంలో ప్లాస్టిక్ స్ట్రా వద్దంటారు, బజారుకు గుడ్డసంచి పట్టుకెళతారు, విదేశాల నుంచి వచ్చిన ఆపిల్‌ను అనుమానంగా చూస్తారు, సేంద్రియమని రాసున్న పసుపు డబ్బాకు రెట్టింపు ధర పెడతారు. ఇందులో ఏదీ తప్పు కాదు. కాకపోతే పసుపు రోజుకు చిటికెడు తింటాం, ఆపిల్ వారానికి రెండో మూడో తింటాం. వాటి మీద పెట్టిన శ్రద్ధ అంతా అక్కడే ఖర్చైపోయి, అసలు భోజనం ఎప్పటిలాగే సాగిపోతుంది. ఈ అధ్యాయంలో చెప్పదలచుకున్నది ఒకటే. నేలకూ నీటికీ పండించే మనిషికీ మేలు చేసే తిండి కావాలనుకుంటే మీరు దేన్ని ఎక్కువ తింటున్నారో దానితోనే మొదలుపెట్టాలి. తెలుగింట్లో అది అన్నం. మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, పొద్దున తినే ఇడ్లీలో రవ్వగానూ దోశలో పిండిగానూ ఉండేది మళ్లీ బియ్యమే. సాయంత్రం మరమరాలు, పండక్కి అరిసెలు కూడా లెక్కేస్తే రోజు మొత్తం మీద మనం తినే గింజ దాదాపు ఒక్కటే.

మీ ఇంట్లో ఎంత తింటున్నారో తెలుసుకోవడానికి తూకాలూ యాప్‌లూ అక్కర్లేదు. బియ్యం బస్తా విప్పిన రోజు తేదీని దాని మీదే పెన్నుతో రాయండి. ఇప్పుడు బజార్లో దొరికే బస్తా చాలాచోట్ల 26 కిలోలు. 2022 జులై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు మీద జీఎస్టీ వేశారు కాబట్టి వ్యాపారులు ఒక కిలో పెంచి దాన్ని తప్పించుకున్నారు, అది వేరే కథ. మనకు మాత్రం ఆ తూకం బాగా పనికొస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు రెండువేల కెలోరీల తిండి సరిపోయే మనిషికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు చాలు. అంటే నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో, బస్తా 26 రోజులు. ఇడ్లీరవ్వ, గోధుమపిండి విడిగా కొంటూ కూడా బస్తా ఇరవై రోజులకే ఖాళీ అవుతుంటే ఎక్కువ తింటున్నట్టే. పొలంలో, ఇటుకబట్టీలో ఒళ్లు హూనం చేసుకునేవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లకు ఇంకా కావాలి. కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకు మాత్రం అచ్చంగా వర్తిస్తుంది. మొత్తం కెలోరీల్లో ధాన్యం వాటా 45 శాతం దాటకూడదని అదే సంస్థ అంటోంది. మన దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంది.

ఇక ఆ బస్తా వెనకున్న నీళ్లు చూద్దాం. ఒక కిలో వడ్లు పండడానికి వాననీరు, పెట్టిన నీరు కలిపి పొలంలోకి సగటున 2,500 లీటర్లు వస్తాయని వరి శాస్త్రవేత్తలు వేసిన లెక్క. వంద కిలోల వడ్లు మరాడిస్తే వచ్చే బియ్యం 67 కిలోలు. ఆ చొప్పున 26 కిలోల బస్తా అంటే దాదాపు 97 వేల లీటర్లు, ఐదువేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు పందొమ్మిది. ఇందులో కొంత భూమిలోకి ఇంకి మళ్లీ అందుబాటులోకి వస్తుంది, అంతా పోయినట్టు కాదు. అయినా కాలువ నీళ్లు లేని మెట్ట ప్రాంతంలో ఆ నీళ్లన్నీ బోరు మోటారు తోడాల్సిందే. రెండోది గాలి సంగతి. మడిలో నీళ్లు నిలిస్తే మట్టికి గాలి అందదు. గాలి లేని ఆ బురదలో కుళ్లే మోళ్లనూ వేళ్లనూ తిని బతికే సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి. అది వరి కాడలోని సన్నని గొట్టాల గుండా పైకొస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైగా బలమైనది. మనుషుల పనుల వల్ల ప్రపంచం మొత్తం మీద వెలువడే మీథేన్‌లో దాదాపు 8 శాతం వరిమళ్లదే.

ఇంతా చదివి వరిని దోషిగా నిలబెడితే మాత్రం పొరపాటు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సార్వాకు వరి కాక మరొకటి వేసి చూడమనండి, ఆగస్టు వానలకు అది నీళ్లలో కుళ్లిపోతుంది. ముంపును తట్టుకునే పంట అక్కడ అదొక్కటే, ఆ నేల దాని కోసమే ఉంది. చిక్కంతా ఎండాకాలం పంటతో, మెట్ట భూముల్లో బోర్ల కింద వేసే వరితో. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, 2018 జనవరి నుంచి తెలంగాణలో అది 24 గంటలకు పెరిగింది. తోడిన నీటికి బిల్లు లేనప్పుడు ఏ పంటకు తక్కువ నీళ్లు చాలునని రైతు లెక్కేసుకోవాల్సిన పని లేకుండా పోయింది. యాసంగి వడ్లకు ఇంకో తంటా ఉంది. కోతలు ఎండలు ముదిరాక వస్తాయి, గింజ పగుళ్లిచ్చి మరలో నూకైపోతుంది, అందుకని వాటిని ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆ ఉప్పుడు బియ్యం మాకొద్దని కేంద్రం అనడంతోనే 2021లో తెలంగాణకూ ఢిల్లీకీ అంత రభస జరిగింది. ఇక్కడివాళ్లు ఇష్టంగా తినని బియ్యం కోసం ఇక్కడి భూగర్భజలాన్ని తోడుతున్నామన్న సంగతి ఆ రాజకీయాల హోరులో ఎవరికీ పట్టలేదు.

ఇప్పుడు అన్నిటికంటే గట్టి అభ్యంతరం. వరి అన్నం తెలుగునేల మీద వట్టి తిండి కాదు, అది హోదా. రాయలసీమలో సంగటి, తెలంగాణలో జొన్నగట్క తిని బతికిన తరాలకు తెల్లబువ్వ పండక్కి దొరికే భాగ్యం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే లక్షల ఇళ్లలో రోజూ అన్నం ఉడికింది. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ షాపుల్లో మనిషికి ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం మొదలుపెట్టినప్పుడు జనం సంబరపడ్డారంటే దాని వెనక ఈ చరిత్ర ఉంది. అలాంటి బియ్యం తగ్గించుకోమని కడుపునిండా తిన్నవాడు చెప్పడం ఏం న్యాయం? న్యాయం కాదు. అందుకే ఈ అధ్యాయం రేషన్ బియ్యం మీద ఇల్లు గడిచేవాళ్లకు ఉద్దేశించింది కాదు. బస్తా డబ్బులు పెట్టి కొని, కావాలంటే వేరే గింజ కొనగలిగిన ఇళ్లకు ఉద్దేశించింది. అయితే హోదా వాదన ఈ ఇళ్లలో తలకిందులైంది. ఒకప్పుడు పేదల పేరుతో నెట్టేసిన కొర్రలూ అరికెలూ ఇప్పుడు అందమైన ప్యాకెట్లలో సిరిధాన్యాలై ఖరీదైన కొట్లలో కూర్చున్నాయి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఆ ధర ఇంకా పెరిగిందే తప్ప తగ్గలేదు. అరికెల బిస్కెట్టు తిని పర్యావరణానికి సేవ చేశామనుకునే వైభవం కూడా చూస్తున్నాం.

రెండో అభ్యంతరం, మన ఒక్క ఇంటి వల్ల ఏమవుతుందన్నది. దీన్ని ఆషామాషీగా కొట్టిపారేయకూడదు, ఎందుకంటే బియ్యం విషయంలో అది చాలావరకు నిజం. మీరు నెలకు పది కిలోలు తక్కువ కొన్నంత మాత్రాన ఒక్క ఎకరం వరి కూడా తగ్గదు. ఆ వడ్లు కొనేది మీరు కాదు, ప్రభుత్వం. ఊళ్లోనే కొనుగోలు కేంద్రం పెట్టి, తేమ చూసి, కాంటా వేసి, మద్దతు ధర ఖాతాలో వేస్తుంది. మరి జొన్న సంగతేమిటి? 2025-26కు క్వింటాలు వడ్లకు మద్దతు ధర 2,369 రూపాయలైతే జొన్నలకు 3,699, రాగులకు 4,886. కాగితం మీద చూస్తే రైతులందరూ రాగులే వేయాలి. వేయరు, ఎందుకంటే ఆ ధరకు కొనేవాడు ఊళ్లోకి రాడు. జొన్నల కొనుగోలు కేంద్రం ఎక్కడో కొన్ని జిల్లాల్లో, కొన్ని సీజన్లలో తెరుస్తారు. మిగతాచోట్ల కళ్లంలో వ్యాపారి చెప్పిందే ధర. పైగా చేను పాలకంకి మీద ఉండగా పిట్టలు తోలే మనిషి ఉండాలి. కాబట్టి లెక్క తిరగేసి చూడాలి. మీరు తగ్గించుకున్న కిలో బియ్యం లక్షల టన్నుల గోదాముల్లో కనబడకుండా పోతుంది. మీరు కొత్తగా కొన్న కిలో జొన్నలు మాత్రం ఇళ్లే తప్ప వేరే దిక్కులేని సంతలో తూకానికి వస్తాయి. ఒక్క ఇంటి బలం మానేయడంలో కంటే కొనడంలో ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత సన్నకారు రైతులు, ఇదే సూత్రం మీద పనిచేశారు. బీడుపడ్డ భూముల్లో జొన్న పండించి, ఆ జొన్నల్నే ఊళ్లో పేదలకు రేషన్‌లా అందించే ఏర్పాటు చేసుకున్నారు. కొనేవాళ్లు, తినేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి పంట నిలిచింది. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

మాంసం గురించి మాట్లాడకుండా అన్నం దగ్గరే ఆగిపోయారేమిటని అడిగేవాళ్లుంటారు. ప్రపంచ చర్చలో మొదటి ముద్దాయి మాంసమే, అందుకు కారణాలూ ఉన్నాయి. 119 దేశాల్లోని సుమారు 38 వేల పొలాల లెక్కలు తీసి 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, కిలో గొర్రెమాంసం వెనక నలభై కిలోలకు దగ్గరగా భూమిని వేడెక్కించే వాయువులుంటే కోడిమాంసం వెనక పది, బియ్యం వెనక నాలుగున్నర, పప్పుధాన్యాల వెనక రెండు లోపు తేలాయి. కిలోకు కిలో చూస్తే వేటమాంసం భారమే. కానీ దాన్ని మనం తినే పరిమాణం చూడండి. 2014 సర్కారు సర్వేలో తెలంగాణలో 98.7 శాతం మంది మాంసాహారులమని చెప్పారు, ఆంధ్రలోనూ అంతే దాదాపు. ఆ మాంసాహారుల్లో చాలామందికి అది ఆదివారం కూర. అమెరికావాడి రోజువారీ తిండికి రాసిన మందు ఇక్కడ యథాతథంగా పనిచేయదు. అదే అధ్యయనంలో శాకాహారులు ఉలిక్కిపడే విషయం కూడా ఉంది. కిలో చీజ్ వెనకున్న వాయువులు కోడిమాంసానికి రెట్టింపు కంటే ఎక్కువ. పనీర్ కూడా లీటర్ల కొద్దీ పాలను కిలోగా కుదించడమే. పెళ్లి భోజనంలో కోడికూర వద్దని పనీర్ బటర్ మసాలా వడ్డించుకుంటే కోడి ప్రాణం మిగలొచ్చు, భూమికి మిగిలేదేమీ లేదు. వాయువుల మాట పక్కనబెట్టి జీవహింస ప్రాతిపదికన మాంసం మానేవాళ్ల వాదన వేరు, దానికి దాని గౌరవం ఉంది. పాలివ్వని దూడపోతు చివరకు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నను మాత్రం వాళ్లూ ఎదుర్కోక తప్పదు. దూరాల సంగతి కూడా అదే అధ్యయనం తేల్చేసింది. తిండి వల్ల వెలువడే వాయువుల్లో రవాణా వాటా పదో వంతు కూడా లేదు. మీరు తిన్నది ఎక్కడి నుంచి వచ్చిందన్న దానికంటే ఏమిటన్నదే పెద్ద విషయం.

సేంద్రియం విషయంలోనూ ఇలాంటి మెలికే ఉంది. పురుగుమందు పిచికారీ చేసేవాడి ఊపిరితిత్తుల కోసం, చెరువులోని నీళ్ల కోసం సేంద్రియం కొనడం న్యాయమైన ఖర్చే. అంతమాత్రాన సేంద్రియ బియ్యం మీథేన్ తగ్గించదు. నీళ్లు నిలిచిన మడిలో పచ్చిరొట్ట, పశువుల ఎరువు కలియదున్నితే సూక్ష్మజీవులకు మేత పెరుగుతుంది కాబట్టి మీథేన్ పెరిగినా పెరగొచ్చు. దాన్ని తగ్గించేది ఆరుతడి పద్ధతి. మడిలో చిల్లుల గొట్టం పాతి, నీటిమట్టం నేలకు జానెడు కిందికి దిగాకే మళ్లీ నీళ్లు పెడతారు. దిగుబడి తగ్గకుండా నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయి, మీథేన్ దాదాపు సగానికి పడిపోతుంది. దురదృష్టం ఏమిటంటే అలా పండించిన బియ్యమని బస్తా మీద ఎవరూ రాయరు, రైతుకు అదనంగా పైసా రాదు. కొనేవాడి చేతిలో ఉన్నవి రెండే. ఒకటి, రకం. సాంబ మసూరి పొలంలో 145 రోజులకు పైగా నిలబడితే తెలంగాణ సోనా 125 రోజులకే కోతకొస్తుంది, అన్నాళ్ల తడులు మిగులుతాయి. రెండు, పాలిష్. మల్లెపువ్వులా తెల్లగా కావాలని డబుల్ పాలిష్ పట్టిస్తే తవుడుతోపాటు బి విటమిన్లూ, కొంత గింజా కూడా పోతాయి. అదే పొలం, అవే నీళ్లు, చేతికొచ్చే తిండి తక్కువ. సింగిల్ పాలిష్ బియ్యం అడిగితే చాలా మిల్లుల్లో దొరుకుతాయి.

ఎక్కువ తినేదానితో మొదలుపెట్టాలన్న సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. కొన్ని కొంచెం తిన్నా చేటు పెద్దది. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో సముద్రం నుంచి ఎదురీది వచ్చే పులస ఏడాదికి ఒకసారి తింటాం. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత ఉండనే ఉంది. కానీ ఆ చేప ఎదురీదేది గుడ్లు పెట్టడానికి. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారిని ఎప్పుడో అడ్డగించింది, మిగిలినదాన్ని గుడ్లతో ఉండగానే వేలంలో వేలు పోసి కొంటున్నాం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధించేది చేపలు గుడ్లు పెట్టే కాలమనే. ఆ రెండు నెలల్లో సముద్రపు చేప కోసం పట్టుబట్టకపోవడానికి బస్తా లెక్కలతో పనిలేదు. బోనుల్లో పెంచే కోళ్ల గుడ్లూ ఈ కోవలోవే. గుడ్డు వెనక వాయువులు తక్కువే, పేదింటి పిల్లలకు అంత చౌకగా మాంసకృత్తులిచ్చేది మరొకటి లేదు. అయినా ఒక్కో కోడికి ఎ4 కాగితమంత చోటు కూడా దక్కని ఆ బోను మీద ఆలోచన రాకపోతే నైతికత అన్న మాటకు అర్థం లేదు. స్తోమత ఉన్నవాళ్లు నాటుకోడి గుడ్డుకు ఎక్కువ పెట్టి తక్కువ తినవచ్చు. అంగన్‌వాడీ గుడ్డు మీద మాత్రం ఈ వాదన తెచ్చి పెట్టకూడదు.

ఇక ఆచరణ. మధ్యాహ్నపు అన్నం జోలికి మొదట్లోనే వెళ్లకండి, ఇంట్లో తిరుగుబాటు వస్తుంది. టిఫిన్‌తో మొదలుపెట్టండి. ఇడ్లీకి బియ్యం రవ్వ బదులు జొన్నరవ్వ కలిపితే రెండో రోజుకే తేడా మరిచిపోతారు. దోశకు సగం బియ్యం తీసి సగం సజ్జలో రాగులో నానబోయవచ్చు. తర్వాత రాత్రి భోజనం. జొన్నరొట్టె చేయడం రాకపోవడానికి కారణం చెయ్యి తిరగకపోవడం ఒక్కటే కాదు, గోధుమలో ఉండే జిగురు జొన్నలో ఉండదు. సలసల మరిగే నీళ్లు పోసి, వేడి మీదే బాగా మర్దన చేస్తేగానీ రొట్టె అంచు పగలకుండా రాదు. ఎంతకీ కుదరకపోతే సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు తట్టే మహిళలు హైదరాబాద్‌లోనూ కర్నూలులోనూ వీధికొకరున్నారు, వాళ్ల దగ్గర కొంటే ఆ డబ్బు కూడా మంచిచోటికే చేరుతుంది. సంగటి ఇంకా సులువు. నూకలు మెత్తగా ఉడికాక మధ్యలో రాగిపిండి పోసి, కలపకుండా కాసేపు మగ్గనిచ్చి, అప్పుడు తెడ్డుతో గట్టిగా తిప్పాలి. ధర చూసి భయపడేవాళ్లు కొర్రలు, అరికెల వైపు కాకుండా జొన్న, సజ్జ, రాగి వైపు చూడాలి. జొన్నలు సన్నబియ్యం ధరకు అటూఇటూగా దొరుకుతాయి. కొర్రలే కావాలంటే తెల్లగా మెరిసేవి వద్దు, వాటికీ పాలిష్ పట్టేస్తున్నారు.

తగ్గిన అన్నం చోటును పప్పుతో నింపాలి, అది మరిచిపోతే ఆకలి మిగిలి బస్తా మళ్లీ ముందుకొస్తుంది. పోషకాహార సంస్థ చెప్పిన 250 గ్రాముల ధాన్యానికి పప్పు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు. మన ఇళ్లలో నలుగురికి ఒక గ్లాసు కందిపప్పుతో చేసే పలచటి పప్పు దీనికి సరిపోదు. గాలిలోని నత్రజనిని వేళ్ల బొడిపెల్లో నిలిపే కంది, పెసర, శనగ నేలకు యూరియా ఖర్చు కూడా తగ్గిస్తాయి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అడిగి కొనండి. మిగిలిపోయే అన్నానికి మన పెద్దలే చద్దన్నం, తరవాణి, పులిహోర చెప్పి పెట్టారు, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. మన దేశంలో ఇళ్లలో వృథా అయ్యే తిండి ఏడాదికి మనిషికి 55 కిలోలని ఐక్యరాజ్యసమితి 2024 నివేదిక అంచనా. అంటే రెండు బస్తాల పైమాటే. అన్నిటికంటే ముఖ్యం పిండి విషయంలో జాగ్రత్త. జొన్నపిండి, సజ్జపిండి నెలకు సరిపడా ఒకేసారి పట్టించకండి. సజ్జలో నూనె ఎక్కువ, వారం పదిరోజులకే పిండి చేదెక్కుతుంది. ఆ చేదు రొట్టె తిన్నవాళ్లు మరలో ఎన్నిరోజుల కింద పట్టించారని అడగరు, సజ్జలే బాగుండవని తీర్మానించి మర్నాటి నుంచి మళ్లీ బియ్యం ఇడ్లీ పెట్టమంటారు.